అడెనోమయోసిస్‌కి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్: కోత లేదన్నది నిజం, నొప్పి లేదన్నది కాదు

అడెనోమయోసిస్ అనే గర్భసంచి జబ్బుకి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ వైద్యం కోసం చెన్నైలో ఎంఆర్ఐ మిషన్ లోపల నాలుగు గంటలు బోర్లా పడుకుని వచ్చి పోయిన నెలకి 14 నెలలు నిండాయి. చేయించుకున్న కొత్తలోనే ఎలా ఉందో రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అప్పుడు రాసి ఉంటే తప్పు రాసేదాన్ని. మొదటి నెలలో అయితే ఎవరూ వెళ్లొద్దని రాసేదాన్ని, నాలుగో నెలలో అయితే అందరూ పరుగెత్తుకుని వెళ్లమని రాసేదాన్ని. ఏడాది దాటాకే ఈ వైద్యం గురించి ఏదైనా చెప్పాలని ఇప్పుడు అనిపిస్తోంది.

నాకు 41 ఏళ్లు. మాది నాయుడుపేట. ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి లెక్కలు చెప్తాను. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్ కాన్పులే. 36 ఏళ్లు వచ్చాక నా నెలసరి మారిపోయింది. నాలుగు రోజుల్లో ఆగేది ఎనిమిది రోజులకి వెళ్లింది. రెండో రోజు తొమ్మిది ప్యాడ్లు అయ్యేవి, గడ్డలు గడ్డలుగా పోయేది. నొప్పి నడుములో మొదలై తొడల్లోకి దిగేది. బోర్డు మీద రాయాలంటే పిల్లలకి వీపు తిప్పాలి కదా, చీర మీద మరక కనబడుతుందేమోనన్న భయంతో ఆ వారమంతా లెక్క నేను నోటితో చెప్పి పిల్లల్ని పిలిచి బోర్డు మీద రాయించేదాన్ని. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఆ రెండేళ్లూ బోర్డు దగ్గర బాగా ఆరితేరారు. పై అంతస్తులో క్లాసు ఉంటే మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేదాన్ని. ఒకరోజు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2 అని వచ్చింది.

రెండేళ్లు దీన్ని ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో గడ్డ అనే అనుకున్నాం. మామూలు స్కానింగులో ప్రతిసారీ గర్భసంచి పెద్దదిగా ఉందని మాత్రమే రాసేవారు. నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఎంఆర్ఐ తీయించాకే అడెనోమయోసిస్ అని తేలింది. ఆవిడ చెప్పిన పోలిక నాకు ఇప్పటికీ గుర్తే. ఫైబ్రాయిడ్ అంటే మామిడిపండులో టెంక లాంటిది, అంచు తెలుస్తుంది, ఒలిచి తీయొచ్చు. ఇది పిండిలో కలిపేసిన నూనె లాంటిది. గర్భసంచి లోపలి పొరలో ఉండాల్సిన కణజాలం కండరంలోకి చొచ్చుకుపోయి, నెల నెలా అక్కడే వాచి, అక్కడే రక్తం కారుతుంది. కండరం దాని చుట్టూ మందం అవుతుంది. ఆ లోపలి పొరకీ కండరానికీ మధ్య ఉండే పట్టీ ఎంఆర్ఐలో 12 మిల్లీమీటర్లు దాటితే ఈ జబ్బుని అనుమానిస్తారట. నాకు 19 ఉంది. దానికితోడు వెనక గోడలో 5.6 సెంటీమీటర్ల ముద్ద.

అప్పుడే చేసిన సీఏ-125 అనే రక్తపరీక్షలో 148 వచ్చింది. 35 లోపు ఉండాలని కాగితం మీదే రాసి ఉంటుంది. క్యాన్సరేమోనని మా ఆయన, నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. అడెనోమయోసిస్‌లో కూడా ఆ అంకె పెరుగుతుందని మూడో రోజు డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలీదు. ఆ రిపోర్టు చేతిలోకి వస్తే ఒంటరిగా ఫోన్లో వెతక్కండి, డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.

మందులు అన్నీ వాడాను. బ్లీడింగ్‌కి ట్రానెక్సామిక్ యాసిడ్, నొప్పికి మెఫెనమిక్ యాసిడ్. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మిల్లీగ్రాములు ఎనిమిది నెలలు వేసుకున్నాను. నొప్పి బాగా తగ్గింది, కానీ రోజూ కొద్దికొద్దిగా మరకలు, మనసు ఎప్పుడూ దిగులుగా ఉండేది, పిల్లల మీద అరిచేదాన్ని. తర్వాత మిరెనా, అంటే గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్, వేయించుకున్నాను. గర్భసంచి పెద్దదిగా ఉండి, బ్లీడింగ్ ఎక్కువగా ఉన్నవాళ్లకి అది జారిపోయే అవకాశం ఎక్కువని ముందే చెప్పారు. అయిదో నెలలో నాకూ జారిపోయింది.

ఇక మిగిలింది గర్భసంచి తీసేయడం. మా అత్తయ్య నా బాధ చూడలేకే అంది, "పిల్లలు పుట్టారు కదమ్మా, ఇంకా ఆ సంచితో పనేముంది, తీయించేసుకో" అని. మన దగ్గర ఆ మాట చాలా తేలిగ్గా వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. మా వీధిలోనే ఒక అక్కకి 31 ఏళ్లకే తీసేశారు, అండాశయాలతో సహా. అవి కూడా తీస్తున్నారని ఆవిడకి ఆపరేషన్ అయ్యాక తెలిసింది. ఇప్పుడు ఆవిడకి 45, మోకాళ్లు, ఎముకలు, ఒంట్లో ఆవిర్లు, అన్నీ. అలాగని ఆ ఆపరేషన్‌ని నేను చెడ్డగా చెప్పడం లేదు. అడెనోమయోసిస్‌కి మళ్లీ తిరిగిరాని పరిష్కారం అదొక్కటే, అవసరమైనవాళ్లు అండాశయాలు ఉంచుకుని చేయించుకుంటే హాయిగా ఉంటారు. నాకు మాత్రం ఇష్టం లేకపోయింది. రెండు సిజేరియన్ల తర్వాత లోపల అతుకులు ఉంటాయన్నారు, రక్తం తక్కువ, ఆరు వారాల సెలవు పెడితే మా స్కూల్లో ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. ఇవన్నీ కారణాలే. ఇవేవీ లేకపోయినా ఇష్టం ఉండేది కాదు.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ పేరు నెల్లూరు డాక్టరమ్మే చెప్పారు. చిన్నప్పుడు భూతద్దంతో ఎండని కాగితం మీద ఒక చుక్కగా పట్టి కాల్చినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. భూతద్దం వేడెక్కదు, మధ్యలో గాలి వేడెక్కదు, చుక్క పడిన చోటే కాలుతుంది. ఇక్కడ ఎండ బదులు ధ్వని తరంగాలు. పొట్ట మీది చర్మం గుండా వెళ్లి, లోపల ఒక బియ్యపు గింజకో చిక్కుడు గింజకో సరిపడా చోట కలుస్తాయి. అక్కడ వేడి 60 డిగ్రీలు దాటితే ఆ కణజాలం చచ్చిపోతుంది. అలా చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతారు. నేను చేయించుకున్న పద్ధతిలో ఎంఆర్ఐ లోపలే చేస్తారు. ఎంఆర్ఐ ఎక్కడ ఎంత వేడి పుట్టిందో అప్పటికప్పుడు రంగుల్లో చూపిస్తుంది. మామూలు అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ చేసే పద్ధతి ఇంకొకటి ఉంది, అది చైనాలో చాంగ్‌చింగ్ నగరంలో పుట్టింది. ఒక విషయం తెలుసుకుని వెళ్లండి. అమెరికా ఎఫ్‌డీఏ 2004లో ఈ వైద్యానికి అనుమతి ఇచ్చింది ఫైబ్రాయిడ్లకి. అడెనోమయోసిస్‌కి చేసిన అనుభవం ఎక్కువగా చైనా డాక్టర్లది. అంచు తెలియని జబ్బు కాబట్టి ఫైబ్రాయిడ్‌కి వచ్చినంత శుభ్రమైన ఫలితం దీనికి ఆశించకూడదని నాకు ముందే చెప్పారు.

నేను మొదట ఫోన్ చేసిన సెంటరు వేరే. పేరు రాయను. పాత స్కానింగ్ రిపోర్టు వాట్సాప్‌లో పెట్టగానే పది నిమిషాల్లో "చేసేయొచ్చు మేడమ్" అన్నారు. డాక్టర్ ఎవరూ మాట్లాడలేదు, ఎంఆర్ఐ సీడీ అడగలేదు, ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కడితే తగ్గిస్తామన్నారు. నాకు ఆ తొందర నచ్చలేదు.

రెండో సెంటరు చెన్నైలోదే. వాళ్లు ముందు చేసింది నన్ను వెనక్కి పంపడం. ఇప్పుడు ఆలోచిస్తే నేను కట్టిన డబ్బుకి అన్నిటికంటే విలువైనది అదే. వైద్యం రోజు ఎలా పడుకోవాలో అలాగే బోర్లా పడుకోబెట్టి, మందు ఎక్కించి ఎంఆర్ఐ తీశారు. రేడియాలజిస్ట్ మా ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టి చూపించారు. గర్భసంచికీ పొట్ట గోడకీ మధ్యలో ఒక పేగు మెలిక వచ్చి ఉంది. తరంగాలు దాని గుండా వెళితే పేగు కాలే ప్రమాదం. సిజేరియన్ కుట్ల మచ్చ ఇంకో అడ్డంకి, మచ్చ చర్మం వేడిని ఎక్కువ పట్టుకుంటుంది. ముద్ద వెనక గోడలో ఉంది, దాని వెనకాలే కాళ్లకి వెళ్లే నరాలు. "చేయలేమని అనడం లేదమ్మా, ఈరోజు చేయలేం" అన్నారాయన. ముందు హిమోగ్లోబిన్ పెంచుకురమ్మన్నారు. గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి బయాప్సీ చేయించమన్నారు. ఎందుకని అడిగాను. ఆపరేషన్ చేస్తే తీసినదాన్ని ల్యాబుకి పంపి అందులో ఏముందో చూస్తారు, ఇక్కడ లోపలే కాల్చేస్తే చూడటానికి ఏమీ మిగలదు, అందుకని క్యాన్సర్ లేదని ముందే తేల్చుకోవాలి అన్నారు. మొదటి సెంటరు ఈ ఒక్క మాటైనా అనలేదు.

ఆరు వారాల్లో నాయుడుపేటలోనే ఐరన్ సెలైన్లు నాలుగు ఎక్కించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.4కి వచ్చింది. బయాప్సీలో ఏమీ లేదు. నెలసరి అయిన వారానికి తారీఖు ఇచ్చారు.

ముందు రోజు సాయంత్రం తడ, గుమ్మిడిపూండి మీదుగా కారులో వెళ్లి సెంటరు దగ్గరే గది తీసుకున్నాం. పలచటి గంజి, పేగు ఖాళీ అవ్వడానికి మందు, రాత్రి పది తర్వాత ఏమీ లేదు. పొద్దున్నే పొట్ట కింది భాగం షేవ్ చేశారు. చర్మం మీద నూనె, పౌడరు, లోషను ఏదీ ఉండకూడదు. వెంట్రుకో బుడగో ఉన్నా అక్కడ చర్మం కాలొచ్చు. యూరిన్ పైపు వేశారు, చేతికి సెలైన్ పెట్టారు. అక్కడి నర్సు గూడూరు అమ్మాయి. "అక్కా, ముఖం పక్కకి పెట్టుకో, మెడ కింద నేను తువ్వాలు సర్దుతా" అని తెలుగులో అనగానే నాకు సగం టెన్షన్ పోయింది.

టేబుల్ మధ్యలో నీటి తొట్టి లాంటిది ఉంటుంది, దాని కింద తరంగాలు పంపే పరికరం. దాని మీద చల్లటి జెల్ ప్యాడ్, ఆ ప్యాడ్ మీద మన పొట్ట. చేతిలో ఒక బటన్ పెట్టారు. నొక్కితే ఆ క్షణమే ఆగిపోతుంది. మొదట పేగు కదులుతుందా లేదా చూడటానికి పైపు గుండా మూత్రాశయం నింపారు, వెనక నుంచి జెల్ పంపారు, మళ్లీ ఫొటోలు, మళ్లీ ఖాళీ చేయడం. దానికే గంటకి పైగా పట్టింది. సిగ్గు, ఇబ్బంది రెండూ ఉంటాయి, ముందే మనసులో పెట్టుకుని వెళ్లండి. చివరికి పేగు పక్కకి తప్పుకుంది.

తర్వాత అసలు పని. హెడ్‌ఫోన్‌లో "మేడమ్, ఇప్పుడు ఇరవై సెకన్లు" అని వినబడుతుంది. లోపల వేడి మెల్లగా పెరుగుతుంది, నెలసరి మొదటి రోజు పొట్ట మెలిపెట్టినట్టు ఉంటుంది, ఆగుతుంది. చల్లారడానికి ఒకటి రెండు నిమిషాలు. మళ్లీ ఇరవై సెకన్లు. ఇలా 81 సార్లు. పూర్తి మత్తు ఇవ్వరు. ఎక్కడ నొప్పి పుడుతోందో మనం చెప్పాలి కాబట్టి మగతగా ఉండే మందు మాత్రమే ఇస్తారు. మధ్యలో రెండుసార్లు కుడి కాల్లోకి కరెంటు కొట్టినట్టు దిగింది, బటన్ నొక్కేశాను. రెండుసార్లూ వెంటనే ఆపి, కోణం మార్చి మళ్లీ మొదలుపెట్టారు. అందుకు ఎవరూ విసుక్కోలేదు. "నొక్కడమే మంచిది, నరం ఎక్కడుందో మీరే మాకు చెప్తున్నారు" అన్నారు. నిజానికి పొట్ట కంటే భుజాలు, మెడ ఎక్కువ బాధపెట్టాయి. చివరి గంట కదలకుండా ఉండటానికి పదిహేనో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా మనసులో చెప్పుకున్నాను.

అయ్యాక మళ్లీ మందు ఎక్కించి ఫొటో తీశారు. రక్తం అందని భాగం నల్లగా కనబడుతుంది, అదే చచ్చిపోయిన భాగం. నా ముద్దలో దాదాపు 70 శాతం నల్లబడింది. మిగతాది కావాలనే వదిలారు. లోపలి పొరకీ, గర్భసంచి బయటి అంచుకీ దగ్గరగా వెళ్లకూడదట. ఆ రాత్రి అక్కడే ఉంచారు. పైన ఒక్క గీత లేదు, కుట్టు లేదు. అయిదో రోజు స్కూలుకి వెళ్లాను.

ఇక వాళ్ల కరపత్రంలో రాసినదాని గురించి. "నొప్పి లేని వైద్యం" అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ మాట తీసేయాలి. మూడు రోజులు పొత్తికడుపు పచ్చిపుండులా ఉంది, వారం పాటు ఎర్రటి నీళ్లలా పోయింది, కుడి పాదంలో తిమ్మిరి పన్నెండు రోజులు ఉంది. అన్నిటికంటే కష్టం తర్వాత వచ్చిన మొదటి నెలసరి. మునుపటి కంటే ఎక్కువ నొప్పి. అంత డబ్బు పోసి ఏం తెచ్చుకున్నానని బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. మొదటి రెండు నెలసరులు ఇలా ఉండొచ్చని, చచ్చిన కణజాలం నెలల తరబడి మెల్లగా కరుగుతుందని వాళ్లు ఒక్క కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఆ ఏడుపు తప్పేది. ఫోన్ చేస్తే చెప్పారు, నేను అడిగాక. ఈ సెంటరుకి 5 స్టార్లలో ఒకటి తగ్గించి 4 ఇచ్చింది ఇందుకే.

మూడో నెల నుంచి తేడా తెలిసింది. రెండో రోజు ప్యాడ్లు తొమ్మిది నుంచి ఆరు, తర్వాత నాలుగు. నొప్పి మాత్ర మొదటి రోజు ఒకటి. ఆరో నెల ఎంఆర్ఐలో ముద్ద 5.6 నుంచి 3.9 సెంటీమీటర్లకి వచ్చింది, హిమోగ్లోబిన్ 11.1. ఇక్కడ ఒక మాట దాచకూడదు. గర్భసంచి కాస్త చిన్నదయ్యాక, నాలుగో నెలలో డాక్టరమ్మ మళ్లీ మిరెనా వేశారు, ఈసారి నిలబడింది. జబ్బు మళ్లీ పెరగకుండా ఇలా రెండూ కలిపి చేస్తారట. కాబట్టి నాకు వచ్చిన మేలులో తరంగాలది ఎంత, మిరెనాది ఎంత అని నేను విడదీసి చెప్పలేను. నాలుగో నెలకి ముందే నొప్పి సగం తగ్గిందన్నది మాత్రం నా డైరీలో తారీఖులతో ఉంది. ఇప్పుడు నెలసరి రెండు రోజుల మరకలే. నొప్పి పూర్తిగా పోలేదు. ఒక్కోసారి కూర్చుని లేచేటప్పుడు వెనక వైపు లాగుతుంది.

ఖర్చు: పరీక్షలు, రెండు ఎంఆర్ఐలు, గది అన్నీ కలిపి 1,82,000 రూపాయలు. ప్యాకేజీ అని చెప్పినదాంట్లో మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ లేదు, అది బిల్లులో చూశాకే తెలిసింది. ముందే రాతపూర్వకంగా అడగండి. మా ఆయన శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తారు, కంపెనీ పాలసీ ఉంది. ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట కుదరదన్నారు. కోత లేదు కాబట్టి ఆపరేషన్ కాదని, ప్రయోగదశలో ఉన్న వైద్యమని రాశారు. ఇది చాలామందికి తెలియాలి. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాలసీల నుంచి మినహాయించకూడని 12 ఆధునిక చికిత్సల జాబితా ఉంది. అందులో మొదటి వరుసలోనే గర్భాశయ ధమని ఎంబొలైజేషన్‌తో (గర్భసంచికి రక్తం వెళ్లే నాళాన్ని మూసే చికిత్స) పాటు హైఫూ ఉంది, అంటే ఈ ఫోకస్డ్ అల్ట్రాసౌండే. ఆ పేజీ ప్రింటు తీసి, గీత గీసి, డాక్టర్ ఉత్తరంతో కలిపి మళ్లీ పంపాం. అయిదు వారాలకి 1,40,000 వచ్చింది. ఇలాంటి చికిత్సలకి పాలసీలో ఒక పరిమితి పెట్టుకోవచ్చు కాబట్టి మొత్తం రాలేదు. మీ పాలసీ కాగితంలో ఆ పరిమితి ఎంతో ముందే చూసుకోండి.

పిల్లలు కావాలనుకునేవాళ్లు నా అనుభవం చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఈ వైద్యం తర్వాత గర్భం వచ్చినవాళ్లు ఉన్నారు, కానీ ఆ లెక్క వేరు, ఆ డాక్టర్లు వేరు. ఎంఆర్ఐ గొట్టంలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు అల్ట్రాసౌండ్ తెర మీద చేసే పద్ధతి ఎక్కడుందో కనుక్కోండి. ఒంట్లో పేస్‌మేకర్ లాంటివి ఉంటే మొదటి ఫోన్‌లోనే చెప్పండి.

మా స్కూల్లో తెలుగు చెప్పే మేడమ్ నన్ను చూసి అదే చెన్నై సెంటరుకి వెళ్లారు. ఆవిడకి జబ్బు ఒక చోట ముద్దగా లేదు, గర్భసంచి చుట్టూ అన్ని గోడల్లోనూ పరుచుకుని ఉంది. స్కాన్ చూసి, మీకు దీనివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు, డబ్బు పెట్టొద్దు అని చెప్పి స్కాన్ ఫీజు మాత్రం తీసుకుని పంపేశారు. ఆవిడ నెల్లూరులో గర్భసంచి తీయించుకున్నారు, అండాశయాలు ఉంచి. రెండు నెలల్లో మామూలుగా క్లాసులకి వస్తున్నారు. నేను 5కి 4 ఇవ్వడంలో నాకు చేసిన వైద్యానికి ఎంత వాటా ఉందో, ఆవిడకి చెప్పిన ఆ "వద్దు"కీ అంతే ఉంది.

నా తర్వాతి ఎంఆర్ఐ జూన్‌లో, స్కూళ్లు తెరవకముందే. ముద్ద పెరిగిందో లేదో అప్పుడు ఇక్కడే కింద రాస్తాను.